రెండెకరాల బీడు, రెండు గుర్రాలు, నాలుగు ఆవులు: తక్కువ ఖర్చులో ఏ కంచె వేయాలి?

దొడ్డబళ్ళాపురం_దారి
దొడ్డబళ్ళాపురం దాటాక మాకు రెండెకరాల పొలం ఉంది. నేను మారతహళ్ళిలో ఉంటాను, శని ఆదివారాలే వెళ్లగలను. మిగతా రోజులు నాన్నగారే చూసుకుంటారు. పందేల నుంచి తప్పించిన ఆడగుర్రం ఒకటి, కాఠియావాడీ గుర్రం ఒకటి, ఘాటి జాతరలో కొన్న హళ్ళికార్ ఆవులు రెండు, సంకరజాతి పాడి ఆవులు రెండు ఉన్నాయి. ఇంతకాలం చుట్టూ కంపే కంచె. పోయిన ఆదివారం రాత్రి ఆవులు కంప తొక్కుకుని పక్క పొలంలో రాగిలో పడ్డాయి. పైరు వెన్ను వేసే సమయం. పక్కాయన ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

కంచె వేసేవాళ్లను పిలిపించాను. జాలీ (అల్లిన తీగ వల) వేస్తే మూడున్నర లక్షలు అవుతుందన్నారు. రాతి కూసాలు పాతి ఐదు వరుసల ముళ్ల తీగ లాగితే అందులో సగంలో అయిపోతుందట. నా దగ్గర ఉన్నది రెండు లక్షలు. నాన్నగారు ముళ్ల తీగ చాలంటున్నారు, మదనపల్లె దగ్గర మా ఊళ్లో అందరూ వేసేది అదే. గుర్రాలకు అది ప్రమాదమని ఒక స్నేహితుడు అంటున్నాడు. దీపావళిలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్లజూలు
ముళ్ల తీగ వద్దు. డబ్బు లేకపోతే ఇంకో ఆరు నెలలు గుర్రాలను కట్టేసి మేపండి కానీ ముళ్ల తీగ మధ్య వదలకండి.

హొసకోటె_పాలు
పదిహేనేళ్లుగా మాది ముళ్ల తీగే. పన్నెండు ఆవులున్నాయి, ఎప్పుడో చిన్న గీత తప్ప గాయం అన్నది చూడలేదు. ఆవు ఒకసారి మూతి తగిలించుకుంటే మళ్లీ ఆ జోలికి పోదు. గుర్రానికి మాత్రం తెలివి తక్కువా? అనవసరంగా ఆయనను భయపెడుతున్నారు.

నల్లజూలు
పాలు గారు, తెలివి గురించి కాదు, స్వభావం గురించి. ఆవు బెదిరితే ఆగి చూస్తుంది. గుర్రం బెదిరితే ముందు పరుగెత్తుతుంది, ఆ తర్వాతే చూస్తుంది. సన్నని తీగ దాని కంటికి సరిగ్గా ఆనదు. దాని చర్మం కూడా ఆవు చర్మమంత మందం కాదు.

మూడేళ్ల కిందట దేవనహళ్ళి వైపు మా గుర్రం ఒకటి దీపావళి రాత్రి టపాకాయలకు బెదిరి ముళ్ల తీగలో పడింది. కాలు చిక్కుకుంది. ఆవైతే అక్కడే నిలబడి అరిచేది. ఇది లాగింది, ఇంకా లాగింది. టార్చి వేసి చూసేసరికి వెనుక ఎడమ కాలి మోకీలు కింద నుంచి చర్మం మేజోడు జారినట్టు డెక్క మీదికి జారిపోయి ఉంది. లోపల తెల్లగా నరం కనిపించింది. నేను ఆ కాలు పట్టుకుని కూర్చున్నాను, డాక్టరు గారు వచ్చేదాకా అది నా భుజం మీద తల పెట్టి వణుకుతూనే ఉంది.

నాలుగు నెలలు రోజు విడిచి రోజు కట్టు మార్చాం. గుర్రాలకు మోకాలి కింద గాయమైతే చర్మం మూసుకోకముందే కండ ఉబ్బి బయటికి పెరుగుతుంది. దాన్ని రెండుసార్లు కోయించాల్సి వచ్చింది. ధనుర్వాతం భయం వేరే. పశువులన్నిటిలోనూ గుర్రానికే అది త్వరగా సోకుతుంది. ఆ వైద్యానికి పెట్టిన డబ్బుతో పొలం చుట్టూ మంచి కంచె వేసుకునేవాడిని.

దొడ్డబళ్ళాపురం_దారి
ఇది చదివి నాన్నగారికి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ముళ్ల తీగ మాట వదిలెయ్" అన్నారు. మరి ఇప్పుడు ఏమి వేయాలి?

చింతామణి_చెరువు
ముందు ధనుర్వాతం టీకా వేయించారా? కంచె కంటే అది ముందు. ఎప్పుడు వేశారో తెలియకపోతే మళ్లీ మొదటి నుంచి వేయించండి. నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండు మోతాదులు, తర్వాత ఏటా ఒకటి.

లెక్కల_మాస్టారు
కంచె వేసేవాళ్లు చెప్పిన మొత్తాన్ని అలాగే నమ్మకండి. లెక్క మీరే వేసుకోండి.

రెండెకరాలంటే 87,120 చదరపు అడుగులు. పొలం చదరంగా ఉంటే ఒక్కో వైపు 295 అడుగులు, చుట్టుకొలత 1,180. అదే వంద అడుగుల వెడల్పుతో పొడవాటి పట్టీగా ఉంటే చుట్టుకొలత 1,940 దాటుతుంది. నేల అంతే, కంచె మాత్రం ఒకటిన్నర రెట్లకు మించుతుంది. అందుకే ఎకరానికి ఇంత అని చెప్పేవాళ్లను అడుగుకు ఎంత అని అడగండి.

పది అడుగులకు ఒక కూసం అయితే 118 కావాలి, ఎనిమిది అడుగులకైతే 148. మూలలకు ఊతంగా పెట్టే వాలు కూసాలు వేరే. ఏడడుగుల కూసం తీసుకుంటే రెండడుగులు నేలలో, ఐదడుగులు పైన. ఆవులకు నాలుగడుగుల ఎత్తు చాలు కానీ గుర్రానికి నాలుగున్నర నుంచి ఐదు ఉండాలి.

ముళ్లు లేని జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనుప తీగ, 12 గేజి అంటే 2.64 మిల్లీమీటర్ల మందం. కిలోకు దాదాపు 23 మీటర్లు వస్తుంది. మీది చదరమైతే చుట్టుకొలత 360 మీటర్లు, ఐదు వరుసలకు 1,800. అంటే 78 కిలోలు. తరుగుతో కలిపి 85 కిలోలు కొనండి. గేజి సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. 14 అంటే 2 మిల్లీమీటర్లే, అది ఆవు మెడకు ఆగదు.

దొడ్డబళ్ళాపురం_దారి
మాస్టారు, మాది దాదాపు చదరమే. చాలా మేలు చేశారు. అడుగుకు ఎంత అని ఈ రోజే అడుగుతాను.

హొసకోటె_పాలు
నల్లజూలు గారి గుర్రం సంగతి చదివాక గుర్రాల విషయంలో వాదించను. కానీ ముళ్లు లేని తీగ ఒక్కటీ ఆవును ఆపదు, ఇది నా కళ్లతో చూసింది. కంచె అవతల గడ్డి పచ్చగా ఉంటే తల దూర్చి, మెడ దూర్చి, భుజంతో నెడుతుంది. రోజుకు అంగుళం చొప్పున వదులు చేస్తుంది. హళ్ళికార్ అయితే ఆ పొడవాటి కొమ్ములతో తీగను పైకి ఎత్తి పట్టుకుంటుంది. ఐదు నెలలు తిరగకముందే మళ్లీ రాగిలోనే ఉంటాయి.

సీతాఫలం_తోట
అందుకే తీగల్లో ఒకటి రెండింటికి సోలార్ కంచె యంత్రం, అంటే తీగకు షాక్ ఇచ్చేది, పెట్టాలి. మాలూరు దగ్గర మా తోటలో ఇదే పద్ధతి. తీగ ఆవును బలంతో ఆపదు, భయంతో ఆపుతుంది. ఆ తేడా తెలిస్తే ఖర్చు సగం తగ్గుతుంది.

బయటి వరుసలు మామూలు జీఐ తీగ. లోపలి వైపు రెండు వరుసలు ఇన్సులేటర్ల మీద. గుర్రాలున్నాయి కాబట్టి వాటిలో పైది తీగ కాకుండా 40 మిల్లీమీటర్ల తెల్ల పట్టీ వేయండి, అందులో సన్నని లోహపు తీగలు అల్లి ఉంటాయి. రాత్రి కూడా తెల్లగా కనిపిస్తుంది. గుర్రం గట్టిగా గుద్దితే పట్టీ తెగుతుంది, కాలు తెగదు. మన ఎండకు కొన్నేళ్లకు పెళుసుబారుతుంది కాబట్టి మళ్లీ మార్చుకోవాల్సి ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. చాలామంది యంత్రానికి డబ్బు పోసి, ఎర్తుకు చేతికి దొరికిన ఇనుప ముక్క ఒకటి పాతి, షాక్ రావడం లేదని యంత్రాన్ని తిడతారు. ఆరడుగుల కడ్డీలు మూడు, ఒకదానికొకటి పదడుగుల దూరంలో పాతాలి. ఇంటి కరెంటు ఎర్తుకు కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎర్రమట్టి ఎండి రాయిలా అయిపోతుంది. అప్పుడు కడ్డీల దగ్గర వారానికి రెండు బిందెల నీళ్లు పోస్తాం.

దొడ్డబళ్ళాపురం_దారి
మా అక్క పిల్లలు సెలవులకు అక్కడికే వస్తారు. నాన్నగారికి డెబ్బై ఏళ్లు. ఆ తీగ తగిలితే ప్రాణానికి ప్రమాదం లేదా?

సీతాఫలం_తోట
ప్రమాణాల ప్రకారం చేసిన యంత్రమైతే దెబ్బ గట్టిగా తగులుతుంది కానీ ప్రాణం తీయదు. వోల్టేజీ వేలల్లో ఉన్నా కరెంటు నిరంతరం పారదు. సెకనుకు ఒక్కసారి వస్తుంది, కన్ను మూసి తెరిచే సమయంలో వందో వంతు కూడా ఉండదు. మధ్యలో చెయ్యి వదలడానికి సమయం ఉంటుంది. ఐఈసీ 60335-2-76 అనే ప్రమాణం యంత్రం మీద రాసి ఉందో లేదో చూసి కొనండి. పిల్లలకు ముందే చూపించి చెప్పండి, బోర్డులు తగిలించండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. ముళ్ల తీగకు మాత్రం ఎప్పుడూ షాక్ పెట్టకూడదు, చిక్కుకున్న ప్రాణి విడిపించుకోలేదు.

ఆనేకల్_అంచు
ఒక మాట గట్టిగా చెప్పాలి. యంత్రం కొనడానికి డబ్బు లేదని ఇంటి లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇచ్చేవాళ్లు ఉన్నారు. అది హత్యతో సమానం. మేము బన్నేరుఘట్ట అడవి అంచున ఉన్నాం, ఏనుగులు తిరిగే చోటు. అలాంటి తీగ తగిలి ఏనుగు కుప్పకూలిన చోట మర్నాడు నిలబడి చూశాను. తొండం ఇంకా తీగ మీదే ఉంది. ఆ తీగకు ఏనుగని తెలియదు, పక్కింటి పిల్లవాడని తెలియదు. కేసు, జైలు సంగతి తర్వాత.

దొడ్డబళ్ళాపురం_దారి
అలాంటి పని మా ఇంట్లో ఎవరూ చేయరండి. ఈ మాట పనివాళ్లకు కూడా చెప్పి ఉంచుతాను.

అమ్మమ్మ_తోట
ఇంత ఇనుము ఎందుకు? మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అంతా పచ్చని కంచే. గచ్చకాయ, వాక్కాయ, కిత్తనార. లోపల వరుసగా సుబాబుల్ పెడితే మేత కూడా వస్తుంది. మూడేళ్లు ఓపిక పడితే నూరేళ్ల కంచె.

నల్లజూలు
అక్కా, సుబాబుల్ గుర్రాల దగ్గర పెట్టకండి. అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఆవులు కొంతవరకు తట్టుకుంటాయి కానీ గుర్రం రోజూ తింటే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. మాకు తెలిసిన ఒకరి గుర్రానికి తోక దువ్వుతుంటే గుప్పెళ్ల కొద్దీ చేతికి వచ్చాయి. చర్మవ్యాధి అనుకుని నెలన్నర మందులు వాడారు. చివరికి కంచె ఆకు అని తేలింది.

చింతామణి_చెరువు
గన్నేరు కూడా. పువ్వు అందంగా ఉంటుందని గేటు పక్కన నాటుతారు. కొద్దిపాటి ఆకు చాలు, గుర్రమైనా ఆవైనా గుండె ఆగిపోతుంది. ఎండిన ఆకు ఇంకా ప్రమాదం, చేదు తగ్గి తినేస్తాయి. పొలంలో గన్నేరు ఉంటే ఈ వారమే తవ్వించండి. పులికంప ఉన్నా పీకించండి, ఆవుల కాలేయం పాడవుతుంది, ఎండకు చర్మం పుండ్లు పడుతుంది.

అమ్మమ్మ_తోట
సుబాబుల్ సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు మంచిదైంది. గచ్చకాయ, వాక్కాయ బయటి వైపు పెడితే? కంచెకు రెండడుగులు అవతల?

నల్లజూలు
అది బాగుంటుంది. గుర్రానికి ముల్లు అందదు, దొంగకు అందుతుంది. కానీ రెండడుగులు అవతలంటే పక్కాయన పొలం కాకుండా చూసుకోవాలి. మీ హద్దులోనే కంచెను కాస్త లోపలికి జరపండి.

లెక్కల_మాస్టారు
హద్దు మాట వచ్చింది కాబట్టి, కూసాలు దిగకముందే హద్దుబస్తు కొలత (హద్దులు తేల్చే సర్వే) వేయించండి. సర్వే రాళ్లు దున్నేటప్పుడు కదిలిపోయి ఉంటాయి. కొలత రోజు పక్కాయనను పిలిచి నిలబెట్టండి. నూరు కూసాలు పాతాక ఒకటిన్నర అడుగు తేడా బయటపడితే ఇద్దరికీ నిద్ర ఉండదు.

దొడ్డబళ్ళాపురం_దారి
ఈ రోజు ఆయన ఇంటికి వెళ్లాను. రాగి నష్టానికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "కంచె వేయండి, చాలు" అన్నారు. కొలత రోజు వస్తానన్నారు.

జాలీ సంగతి ఎవరూ చెప్పలేదు. అది ఎందుకు వద్దు?

హొసకోటె_పాలు
వద్దని కాదు. కుక్కల బెడద, చిన్న దూడలు ఉంటే జాలీయే మేలు. కానీ ఆవులు వీపు గోక్కుంటాయి. రెండేళ్లలో మధ్యలో సంచిలా కిందికి జారుతుంది. పైన, మధ్యన, కింద లావుపాటి తీగ లాగి కడితేనే నిలుస్తుంది, ఆ ఖర్చు వాళ్లు మొదట చెప్పరు.

నల్లజూలు
గుర్రం ముందరి కాలితో జాలీని తన్నుతుంది. జాలీ కన్ను పెద్దదైతే డెక్క దూరి నాడా చిక్కుకుంటుంది. గుర్రాల కోసం చేసే జాలీ కన్ను రెండంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు ఉంటుంది. ఖర్చు ఎక్కువ.

మూలకూసం
ఆలస్యంగా చూశాను. పాతే పని గురించి చెబుతాను, నేను చేసేది అదే.

నీలగిరి కర్రలు చవక అని ఎవరైనా చెబితే వినకండి, మన ఎర్రమట్టిలో మూడు నాలుగేళ్లలో చెద తినేస్తుంది. పైగా గుర్రాలు కర్రను కొరుకుతాయి. ఈ చుట్టుపక్కల రాయి ఉండగా కర్ర ఎందుకు? రాతి కూసం మీ మనుమల కాలానికి కూడా ఉంటుంది. కొనేటప్పుడు సుత్తితో తట్టి చూడండి. ఖణేల్‌మంటే మంచిది. బొంగురుగా మోగితే లోపల పగులు ఉన్నట్టే, లారీ దిగకముందే వెనక్కి పంపండి.

మూల కూసాలు లావుగా ఉండాలి, రెండున్నర అడుగుల గుంత, కాంక్రీటు, రెండు వైపులా వాలు కూసాలు. కాంక్రీటు వేసిన వారం వరకు తీగ బిగించకండి. తొందరపడి మర్నాడే లాగితే మూల కూసం లోపలికి ఒరిగిపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా తీగ నిలవదు. మధ్య కూసాలకు మట్టి, కంకర దిమ్మిస చేస్తే చాలు. డబ్బు మిగిలేది అక్కడే.

తీగ పశువు ఉండే వైపే కట్టాలి. బయటి వైపు కడితే ఆవు నెట్టిన ప్రతిసారీ కట్టుతీగ ఊడుతుంది. లోపలి వైపైతే నెట్టిన బరువు రాయి మీద పడుతుంది, రాతి అంచు గుర్రం భుజానికి గీసుకోదు. కింది తీగ నేలకు పదిహేను అంగుళాలు వదిలి కట్టండి, పొర్లేటప్పుడు కాలు ఇరుక్కోకుండా.

సీతాఫలం_తోట
మూలల దగ్గర పట్టీని గుండ్రంగా తిప్పండి. ఒక గుర్రం ఇంకోదాన్ని తరిమితే మూలలో ఇరుక్కుని కంచె మీదికి దూకుతుంది.

హొసకోటె_పాలు
ఆవులను, గుర్రాలను ఒకేచోట మేపుతారా? హళ్ళికార్ కొమ్ము గుర్రం పొట్టకు తగిలితే ముళ్ల తీగ కంటే ఘోరం. మధ్యలో ఒక పట్టీ లాగి రెండు భాగాలు చేయండి. పదిహేను రోజులకొకసారి మార్చుకుంటే గడ్డి కూడా కోలుకుంటుంది.

నల్లజూలు
పాలు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మేత తొట్లు, నీళ్ల తొట్లు కూడా వేరుగా పెట్టండి.

ఆనేకల్_అంచు
గేటు పన్నెండు అడుగులు పెట్టండి, ట్రాక్టరు, గడ్డి బండి తిరగాలి. గొళ్లెం గుర్రానికి అందని వైపు పెట్టండి. మా గుర్రం పెదవులతో గొళ్లెం తీసి, తను బయటికి వెళ్లి, ఆవుల గేటు కూడా తీసేది.

హొసకోటె_పాలు
అంత మర్యాద తెలిసిన గుర్రాన్ని మా పాల కేంద్రానికి పంపండి, పొద్దున నాలుగింటికి గేటు తీసే మనిషి దొరకడం లేదు.

దొడ్డబళ్ళాపురం_దారి
నిర్ణయానికి వచ్చాం. చుట్టూ రాతి కూసాలు, పది అడుగులకొకటి. ఐదు వరుసల ముళ్లు లేని 12 గేజి తీగ. లోపలి వైపు షాక్ తీగ ఒకటి, పైన తెల్ల పట్టీ ఒకటి, పొలం మధ్యలో అడ్డంగా ఇంకో పట్టీ. జాలీ ఇంటి ముందు దూడల దొడ్డికి మాత్రమే. అడుగు లెక్కన మాట్లాడితే రెండు లక్షలు కాస్త దాటింది. గచ్చకాయ మొక్కలు వచ్చే వానాకాలంలో నాటుతాం.

మూలకూసం
గుంతలు తీసిన రోజు ఫోటో పెట్టండి, లోతు చూసి చెబుతాను.

సీతాఫలం_తోట
షాక్ ఇచ్చిన మొదటి రోజు పగటిపూట దగ్గరుండి వదలండి. ఒక్కొక్కటి వచ్చి మూతితో వాసన చూస్తుంది. ఆ ఒక్క దెబ్బతో నేర్చుకుంటాయి. రాత్రి వదిలితే బెదిరి తెంచుకుంటాయి.

దొడ్డబళ్ళాపురం_దారి
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. కంచె పూర్తయింది. మూలకూసం గారు ఫోటో చూసి రెండు గుంతలు మళ్లీ తవ్వించమన్నారు, తవ్వించాం.

దీపావళి రాత్రి నేను అక్కడే ఉన్నాను. ఎనిమిదింటికి పక్క ఊళ్లో పెద్ద మోత. ఆడగుర్రం చెవులు వెనక్కి పెట్టి దక్షిణం వైపు దూసుకుపోయింది. నా గుండె నోట్లోకి వచ్చింది. తెల్ల పట్టీకి నాలుగడుగుల ముందు కాళ్లు నేలకు అదిమి ఆగింది. పక్కకు తిరిగి, పట్టీ వెంటే గుండ్రంగా పరుగెత్తి, కాఠియావాడీ పక్కకు వచ్చి నిలబడింది. నాన్నగారు మర్నాడు పొద్దున టార్చి లేకుండానే దాని నాలుగు కాళ్లూ తడిమి చూశారు, ఒక్క గీత లేదు. నల్లజూలు గారికి తప్పకుండా చెప్పమన్నారు.

ఒక సందేహం. మొదటి రోజు టెస్టర్‌లో 6,200 వోల్టులు చూపించింది. నాలుగు రోజులు వాన పడ్డాక 3,400కు దిగింది. యంత్రం పాడైందా?

నల్లజూలు
చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాన్నగారికి నమస్కారం చెప్పండి.

సీతాఫలం_తోట
యంత్రం బాగానే ఉంది. వానకు గడ్డి పెరిగి షాక్ తీగకు తగులుతోంది, తడి గడ్డి గుండా కరెంటు నేలలోకి పోతోంది. 3,000 కంటే తగ్గనివ్వకండి. ఈ ఆదివారం కంచె కింద అడుగు వెడల్పున గడ్డి కోయించి మళ్లీ కొలవండి.

దొడ్డబళ్ళాపురం_దారి
కోయించాం. 5,900. కోసిన గడ్డి ఆవులకే వేశాం.